చెరిపేసిన నిమిషాలు

ఈ పనిలోకి, అంటే నక్షత్రాల పరిశోధనలోకి, రావాలనుకునే పిల్లలు ఏడాదికి ఒకరో ఇద్దరో జగదల్‌పూర్‌లో మా ఇంటి తలుపు తడతారు. ఏ పరీక్ష రాయాలి, ఎక్కడ సీటు వస్తుంది, విదేశాలకు ఎలా వెళ్ళాలి అని అడుగుతారు. అవి నాకంటే వాళ్ళ చేతిలోని ఫోనుకే బాగా తెలుసు. వాళ్ళు అడగనిది ఒకటుంది, ఈ పని మనుషుల్ని ఏం చేస్తుంది అని. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో ధైర్యం చెప్పే మాటలు తక్కువ. అవి కావలసినవాళ్ళు కాలేజీ వార్షికోత్సవ ఉపన్యాసాలు వినవచ్చు. ఆ వేదికల మీద నేనూ బోలెడు తీపి కబుర్లు చెప్పాను.

నేను ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ దక్షిణపు కొసనున్న కోంటలో పుట్టాను. మా నాన్నది అక్కడ కిరాణా కొట్టు. చదివింది హిందీలో, ఇంట్లో మాట తెలుగు, సంతలో హల్బీ, పరిశోధన వ్యాసాలు ఇంగ్లీషులో. జగదల్‌పూర్‌లో ఒక ప్రభుత్వ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పాఠాలు పోగా మిగిలిన కాలమంతా న్యూట్రాన్ నక్షత్రాలకు పెట్టాను. మా బంధువుల్లో చాలామంది నన్ను జ్యోతిష్కుడి కింద జమకట్టారు. ఆ నక్షత్రం వల్ల మా అల్లుడికి ఏమైనా మంచి జరుగుతుందా అని అడిగేవారు. జరగదని చెప్పేవాణ్ణి. అందుకే పెళ్ళిళ్ళలో నా పక్కన ఎవరూ ఎక్కువసేపు కూర్చునేవారు కాదు.

లోపలికి పడేదీ బయటికి తన్నేదీ

ముందు పని గురించి నాలుగు మాటలు. పెద్ద నక్షత్రం ఒకటి చచ్చిపోయినప్పుడు దాని నడిమి భాగం కుదించుకుపోయి మిగిలేదే న్యూట్రాన్ నక్షత్రం. బరువు సూర్యుడి కంటే ఎక్కువ, వెడల్పు మాత్రం బస్సులో అరగంట ప్రయాణమంత. కొన్నిటికి పక్కనే మామూలు నక్షత్రం ఒకటి తోడుగా తిరుగుతుంటుంది. చచ్చినది బతికున్నదాని ఒంటి మీది పదార్థాన్ని లాక్కుంటుంది. ఆ పదార్థం తిన్నగా వచ్చి పడదు. చుట్టూ పళ్ళెంలా పరుచుకుని తిరుగుతూ, వేడెక్కుతూ, ఎక్స్‌రే కిరణాలు చిమ్ముతూ లోపలికి జారుతుంది. కానీ జారినదంతా లోపలికి పోదు. కొంత భాగం రెండు వైపులా సన్నని ధారలుగా, విపరీతమైన వేగంతో బయటికి తన్నుకొస్తుంది. వాటిని జెట్లు అంటాం. వాటిని చూసేది రేడియో టెలిస్కోపుతో.

ఎందుకు తన్నుకొస్తాయి అని అడిగితే నిజమైన జవాబు, పూర్తిగా తెలియదు. నక్షత్రం గిరగిరా తిరగడం వల్ల కావచ్చు, పళ్ళెంలోని అయస్కాంత రేఖలు మెలిపడటం వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. అయస్కాంత బలం మరీ ఎక్కువగా ఉన్న నక్షత్రాలు జెట్లు చిమ్మలేవని మా తరం పాఠంలా చదువుకుంది. తర్వాత అలాంటివి కూడా చిమ్ముతూ కనబడ్డాయి. మేం పాఠం మార్చుకున్నాం. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పాఠం మార్చుకోవడానికి ఒప్పుకోనివాళ్ళను చూశాను, వాళ్ళు పడాలి సిగ్గు.

బ్లాక్‌హోల్‌కు లేనిది న్యూట్రాన్ నక్షత్రానికి ఒకటి ఉంది. దానికి నేల ఉంది. వచ్చి పడిన పదార్థం ఆ నేల మీద పొరగా పేరుకుంటుంది. ఒక హద్దు దాటాక పొర మొత్తం ఒక్కసారిగా అంటుకుంటుంది. కొద్ది క్షణాల పేలుడు. ఎక్స్‌రే ఉపగ్రహానికి అది స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత మళ్ళీ పేరుకోవడం, మళ్ళీ అంటుకోవడం. మరి కింద పేలుడు జరిగినప్పుడు పైన జెట్‌కు ఏమవుతుంది? పేలుడు జెట్‌ను దెబ్బతీస్తుందని కొందరు, ఏ తేడా ఉండదని కొందరు అనుకునేవారు. చూసినవాళ్ళు లేరు. నేను చెప్పబోయే దుఃఖమంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంది.

జల్లెడ

రేడియో టెలిస్కోపు ఆకాశాన్ని మాత్రమే వినదు. విమానాలు, ఉపగ్రహాలు, ఎవరో ఆపడం మర్చిపోయిన ఫోను, అన్నీ వింటుంది. వాటి ముందు నక్షత్రం గొంతు చాలా చిన్నది. అందుకని ఈ వృత్తిలో అందరికంటే ముందు నేర్పే పని శుభ్రం చేయడం. హఠాత్తుగా పైకి లేచి కాసేపటికి పడిపోయేది ఏది కనబడినా అది భూమ్మీది చెత్త అనుకో, కొట్టెయ్. ఇప్పుడైతే ఆ పని ప్రోగ్రాములే చేస్తాయి. దాదాపు ఎప్పుడూ అది చెత్తే. చిక్కల్లా అక్కడే ఉంది. ఎప్పుడూ సరిగ్గా పనిచేసే అలవాటును ఎవరూ అనుమానించరు.

మా నాన్న కొట్లో చిరోంజీ గింజలు, అంటే సారపప్పు తీసే గింజలు, కొనేవాడు. అడవి ఊళ్ళ ఆడవాళ్ళు గంపల్లో తెచ్చేవారు. జల్లెడ పట్టి పుల్లలూ రాళ్ళూ తీసేశాక ఆ తీసేసినదాన్ని పారబోసేవాడు కాదు. అమ్మినామె ఎదురుగా గోనెపట్టా మీద పోసి ఉంచేవాడు. ఆమె చేత్తో కెలికి చూసుకుని, సరేననుకుని లేచి వెళ్ళాకే చీపురు పట్టేవాడు. మా వీధిలోని కొట్లన్నిటిలోనూ అదే పద్ధతి. ఒకసారి నేను ముందుగానే ఊడవబోతే కేకేశాడు.

"ఏందిరా ఆ తొందర? ఆమె ఇంక కూసునే ఉన్నది గదా. లేచి పోయినంక ఊడువు."

మా నాన్న మహాత్ముడేమీ కాదు. తక్కెడ పక్కన ఆయన వేలు ఎక్కడ ఉండేదో నాకు తెలుసు. గొడవలు పడలేక పెట్టుకున్న పద్ధతి అది. కానీ తర్వాత నేను తిరిగిన గొప్ప గొప్ప ల్యాబుల్లో ఆ మాత్రం పద్ధతి కూడా కనబడలేదు.

పెద్దసారు

నాకు ఈ పని నేర్పినాయనను పెద్దసారు అనే రాస్తాను. కోస్తా వైపు మనిషి, ఒక మహానగరంలో పెద్ద ల్యాబుకు అధిపతి. ఇంగ్లీషులో ఒక వాక్యం పూర్తిచేయలేని నన్ను, ఒక్కసారి కూడా నవ్వుకోకుండా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. ఆయన ఇంట్లో అన్నం తిన్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాయబోయేది చదివి ఆయన్ని దుర్మార్గుడు అనుకుంటే మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు. దుర్మార్గుల నుంచి తప్పించుకోవడం తేలిక.

నా మొదటి వ్యాసంలో ఒక నక్షత్రం గురించి "దీనికి జెట్ లేదు" అని రాశాను. ఆయన ఆ వాక్యం కొట్టేశారు.

"లేదని నీకెవరు చెప్పారయ్యా?"

"ఏమీ కనబడలేదు కదండీ."

"అయితే కనబడలేదు అని రాయి. ఎంత మసకదాకా చూడగలిగావో అది కూడా రాయి. నీ కంటికి ఆనకపోతే అది లేనట్టు కాదు. మన వృత్తిలో మర్యాద అంటే ఇదొక్కటే."

సర్వీసంతా ఆ మాట నా విద్యార్థులకు అప్పజెప్పాను. సీతకు కూడా చెప్పాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన ఆ మర్యాద నక్షత్రాల వరకే అట్టిపెట్టుకున్నారు. మనుషుల దాకా తీసుకురాలేదు.

హాజరు

సీత సంగతికి ముందు మా కాలేజీ సంగతి ఒకటి చెప్పాలి. హాజరు పిలిచినప్పుడు వరసగా కొన్నాళ్ళు జవాబు రాకపోతే ఆఫీసు పేరు కొట్టేస్తుంది. ఏ కాలేజీలోనైనా అంతే. మా పక్క జిల్లా బీజాపూర్ వైపు కుర్రాడొకడు ఉండేవాడు, కటకాల లెక్కలు నాకంటే వేగంగా చేసేవాడు. వానలు వెలిశాక తిరిగి రాలేదు. ఆఫీసు పేరు కొట్టేసింది. చాలాకాలం తర్వాత వాళ్ళ వైపు మనిషి సంతలో కలిసి చెప్పాడు, అడవిలో జరిగే పోరులో నలిగి ఆ ఊరే ఖాళీ అయిందని. కొందరు రాష్ట్రం సరిహద్దు దాటి అటువైపు అడవిలో గుడిసెలు వేసుకున్నారట. కుర్రాడు వాళ్ళలో ఉన్నాడో లేడో ఆయనకు తెలియదు. నాకు ఇప్పటికీ తెలియదు.

మా దగ్గర జవాబు రాకపోవడానికి ఎన్ని కారణాలైనా ఉంటాయి. రోడ్డు తెగి ఉంటుంది. బంద్ ఉంటుంది. జ్వరం వచ్చి ఉంటుంది. ఎవరినో పోలీసు క్యాంపుకు పిలిపించి కూర్చోబెట్టి ఉంటారు. టవర్ కాలిపోయి ఉంటుంది, లేదా ఆ ఊరికి టవరే వచ్చి ఉండదు. ఇష్టం లేక ఊరుకున్నారు అనేది వీటన్నిటికంటే కిందెక్కడో ఉంటుంది. ఇది బస్తర్‌లో కండక్టర్‌కు కూడా తెలిసిన విషయం. పెద్ద నగరాల్లో ఎవరికీ తెలియదు.

సీత

ఇర్పా సీత దోర్లా తెగ పిల్ల. వాళ్ళది పామేడు నుంచి ఇంకా లోపలికి పోతే వచ్చే పల్లె. చిన్నప్పుడే హాస్టల్లో పడి, నా దగ్గర ఎమ్మెస్సీ చేసి, పరిశోధనకు పెద్దసారు ల్యాబులో చేరింది. గైడు ఆయన, సహ గైడు నేను. మాటలు తక్కువ. ఆ తక్కువ మాటల్లో సగం నన్ను ఆటపట్టించడానికే. "మీ గోండి మాట ఫారెస్టు గార్డు మాట్లాడినట్టుంటది సార్, ఇన్నోళ్ళు బయపడి చెట్టెక్కుతరు" అనేది. చెప్పింది నమ్మేది కాదు. తనే చేసి చూసుకునేది.

ఆ ఏడు ఒక న్యూట్రాన్ నక్షత్రం నిద్రలేచింది. కొన్ని నక్షత్రాలు దశాబ్దాలు మౌనంగా పడి ఉండి, కొద్ది వారాలు మాత్రం పదార్థాన్ని మింగుతూ వెలిగి, మళ్ళీ పడుకుంటాయి. ఇది ఆ రకం. మాకు రేడియో టెలిస్కోపు సమయం దొరికింది. అదే సమయంలో ఎక్స్‌రే ఉపగ్రహం కూడా దాన్నే చూస్తోంది. టెలిస్కోపు వాళ్ళు శాశ్వతంగా దాచేది సగటు కట్టిన డేటా. క్షణక్షణం విడివిడిగా ఉన్న ముడి డేటాను మేం ప్రత్యేకంగా అడిగి తెచ్చుకున్నాం. అది పెద్దసారు ల్యాబు డిస్కుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. అంత డేటాను జగదల్‌పూర్ ఇంటర్నెట్ మీద దింపుకోవాలంటే నా రిటైర్మెంటు ముందొచ్చేది.

ఒక మధ్యాహ్నం సీత ల్యాబు నుంచి ఫోన్ చేసింది.

"సార్, ప్రోగ్రాం కొట్టేసిన ముక్కలు చూసిన్రా?"

"చెత్తను ఎందుకు చూస్తున్నావమ్మా?"

"చెత్తయితే ఎప్పుడు పడితే అప్పుడు రావాలె గద సార్. ఇది కింద పేలుడు అయినంక కొన్ని నిమిషాలకు వస్తున్నది. ప్రతి పేలుడుకు గట్లనే వస్తున్నది."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. విమానానికి ఆ నక్షత్రం ఎప్పుడు పేలిందో తెలియదు. ఫోనుకు తెలియదు. తెలిసింది జెట్‌కే. అంటే పేలుడు జెట్‌ను ఆపడం లేదు, దానికి మేత వేస్తోంది. ఆ కొన్ని నిమిషాల ఆలస్యం ఏమిటంటే, అడుగున బయల్దేరిన పదార్థం పైన రేడియోలో వెలిగే చోటికి చేరడానికి పట్టే సమయం. ఆ ఆలస్యం నుంచి జెట్ వేగం కట్టవచ్చు. అప్పటిదాకా అలా కట్టినవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజు కలిగినంత సంతోషం నాకు నా పెళ్ళినాడు కూడా కలగలేదు. మా ఆవిడ ఇది చదువుతుంది, చదవనీ.

పెద్దసారు తొణకలేదు. "చెత్త కాదని ముందు నిరూపించమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆ మాటలో తప్పు లేదు, నేనైనా అదే అనేవాణ్ణి. నిరూపించాలంటే శుభ్రం చేసిన డేటా పనికిరాదు, అందులో ఆ నిమిషాలు లేవు. ముడి డేటాను మొదటి నుంచి ప్రోగ్రాంకు వదలకుండా చేత్తో చేసుకురావాలి. అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ అది ఉందో లేదో చూడాలి. పక్కనున్న, ఎప్పుడూ మారని నక్షత్రం అదే నిమిషంలో స్థిరంగా ఉందో లేదో చూడాలి. నెలల పని. సీత సిద్ధపడింది. ఆమె డిగ్రీ, ఆ తర్వాత బతుకు, అన్నీ ఆ డిస్కుల్లోని కొద్ది నిమిషాల మీద ఆధారపడ్డాయి.

పని మొదలుపెట్టేలోపు వాళ్ళమ్మకు జ్వరమని కబురొచ్చింది.

వాగు

పామేడు ఛత్తీస్‌గఢ్‌దే. కానీ ఆ రోజుల్లో అక్కడికి పోవాలంటే తెలంగాణలోని చర్ల మీదుగానే పోవాలి. చర్ల దాటితే ఫోను మూగబోతుంది. ఆ పిల్ల వెళ్ళేముందు పెద్దసారు గదికి పోయి, నేను వచ్చేదాకా నా ముడి డేటా ముట్టుకోవద్దని చెప్పింది. ఆయన సరేనన్నారు. ఆ సరే నిజమైనదే. కానీ అది ఆయన నోట్లోనే ఉండిపోయింది, కంప్యూటర్‌కు చేరలేదు.

తల్లికి వచ్చింది మలేరియా, మెదడుకెక్కింది. మంచం మీద వేసుకుని మోసుకొచ్చారు. వాగు దగ్గర ఆగిపోయారు, నీళ్ళు దాటనివ్వలేదు. ఒడ్డున చెట్టుకొమ్మలు కప్పి మంచం దించి, వాగు తగ్గుతుందని చూస్తూ కూర్చున్నారు. అది తగ్గేలోపు ఆమె పోయింది. సీత తల్లి తలను ఒళ్ళో పెట్టుకుని అవతలి గట్టు చూస్తూ కూర్చుందట. ఆ గట్టు మీద నుంచి ఆస్పత్రికి ఆటో దొరుకుతుంది.

తర్వాత చావు పనులు. వాళ్ళ ఇళ్ళలో బంధువులంతా చేరి పోయినామె పేర రాయి నిలబెట్టేదాకా కూతురు కదలడానికి లేదు. వాగు తగ్గితేనే బంధువులు వస్తారు. వాన వదల్లేదు.

అదే వానాకాలం ల్యాబులో డిస్కులు నిండిపోయాయి. కొత్త ప్రాజెక్టు వాళ్ళకు చోటు కావాలి. అక్కడి పద్ధతి ఏమిటంటే, డేటా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకు మెయిల్ వెళ్తుంది. ఉంచమని జవాబిస్తే ఉంచుతారు. మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక, చివరి హెచ్చరిక, ఆపైన చెరిపేస్తారు. మెయిల్ ఆ ఒక్కరికే, సహ గైడుకు రాదు. కంప్యూటర్లు చూసే ఆయన మాత్రం పెద్దసారును ఒకమాట అడిగాడట, ఈ అమ్మాయిది చాలా ఉంది, జవాబు లేదు, ఏం చేయమంటారు అని. శుభ్రం చేసిన డేటా ఉంది కదా, రూలు ప్రకారం కానివ్వండి అన్నారట పెద్దసారు. నేను వేరే పని మీద ఫోన్ చేస్తే మాటల మధ్యలో ఆయనే చెప్పారు, గదికి సున్నం వేయించిన సంగతి చెప్పినట్టు.

"సార్, అక్కడ సిగ్నల్ ఉండదు. తల్లికి బాగాలేదని మీతో చెప్పే కదా వెళ్ళింది."

"చెప్పింది నాగేశ్వర్, కాదనను. కానీ అన్నిసార్లు మెయిల్ వెళ్ళాక ఒక్కదానికైనా జవాబివ్వాలి కదా. ఈ రోజుల్లో మెయిల్ చూడలేని చోటు ఎక్కడుంటుందయ్యా?"

"ఉంటుంది సార్. మా జిల్లాల్లో ఉంటుంది."

ఆయన "శుభ్రం చేసింది భద్రంగా ఉందిలే, కంగారుపడకు" అన్నారు. నాకు కొట్లో గోనెపట్టా గుర్తొచ్చింది. ఇక్కడ గింజలు తెచ్చినామె వచ్చి కెలికి చూసుకోకముందే ఊడ్చేశారు. ఆమె ఎందుకు తిరిగి రాలేదో అడగను కూడా లేదు.

చర్ల బస్టాండు

మర్నాడు పొద్దున సీత ఫోన్ వచ్చింది. చర్ల బస్టాండు నుంచి. వెనక బస్సుల హారన్లు.

"సార్, మా అమ్మ పోయింది."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. ఆమె వింది.

"ఇంకోటి సార్. ఈడికి రాంగనే ఫోన్ల మెయిళ్ళన్ని ఒక్కసారే పడ్డయి. కింద నుంచి పైకి చదివిన. అంత పోయిందా సార్? ఆ పక్క నక్షత్రంది గూడ?"

"అంతా పోయిందమ్మా."

"మీకు ముందే ఎరికనా?"

"నిన్ననే తెలిసింది. తెలిసినా నీకు చెప్పే దారి లేదు."

"దారి లేదు, నిజమే," అంది. "నక్షత్రం గూడ పండుకున్నది గద సార్. ఇంక మనం బతికుండంగ లేస్తదో లేదో." మళ్ళీ అదే మామూలు గొంతుతో, "బస్సొచ్చింది సార్, ఎక్కుత" అని పెట్టేసింది.

నేను క్లాసుకు పోలేదు. ల్యాబు గది తలుపేసుకుని ఏడ్చాను. తల్లి పోయినదానికీ, డేటా పోయినదానికీ నేను విడివిడిగా ఏడవలేదు. ఆ పిల్ల ఒకే బస్టాండులో నిలబడి రెండూ మోసింది కదా అని ఏడ్చాను.

ఒక వాక్యం

పెద్దసారు తన పద్ధతిలో ఆమెకు సాయమే చేయబోయారు. శుభ్రం చేసిన డేటాతో థీసిస్ పూర్తి చెయ్యమన్నారు. మిగతా అధ్యాయాలు ఎలాగూ బాగున్నాయి. చివర్లో ఒక్క వాక్యం పడితే చాలు, పేలుళ్ళ తర్వాత జెట్‌లో మార్పు కనబడలేదు అని. ఆ గదిలో ముగ్గురమే ఉన్నాం.

"కనబడింది గద సార్," అంది సీత.

"నీకు కనబడిందేమో. ఆధారం ఏది?"

"ఆధారం మీరు కొట్టేసిన్రు సార్."

ఆమె గొంతు పెంచలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. నేను మధ్యలో దూరి, శుభ్రం చేసిన డేటాలో కనబడలేదు అని రాస్తే అబద్ధం కాదు కదా అన్నాను.

"తీసేసినం గనుక కనబడదు సార్. కండ్లు మూసుకొని, చీకటున్నదని రాసినట్టయితది. మీరే నేర్పిన్రు, కనబడకపోతే లేనట్టు కాదని. ఇది కనబడ్డది. కనబడలేదని ఎట్ల రాయాలె?"

ఆ పాఠం ఎవరిదో పెద్దసారుకు తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె ఆ వాక్యం రాయలేదు, థీసిస్ ఇవ్వలేదు, డిగ్రీ రాలేదు. ఊరికి పోకుండా సుక్మాలో ఒక బడిలో సైన్సు చెప్పే పనిలో చేరింది.

తప్పు ఎవరిది అని పిల్లలు అడుగుతారు. ప్రోగ్రాంది కాదు, దానికి చెప్పింది అది చేసింది. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనే పద్ధతి ఉంది చూశారా, అది జీవితంలో ఎప్పుడూ సిగ్నల్ పోని మనుషులు కూర్చుని రాసుకున్నది. దాని కింద నలిగేవాళ్ళు ఆ గదిలో లేరు. మీరు రేపు అలాంటి గదుల్లో కూర్చుంటారు. ముడి డేటా చోటు తింటుంది, తిననివ్వండి. జవాబు ఇవ్వని మనిషి కోసం ఇంకొకరిని అడగండి, వాళ్ళకూ తెలియకపోతే మనిషిని పంపండి. అది కుదరకపోతే ఊరకే ఉండండి. చెరిపేయడం ఒక్కటి వెనక్కి తిప్పలేని పని.

సుక్మా

ఏళ్ళు గడిచాక, వేరే దేశాల వాళ్ళు, వేరే న్యూట్రాన్ నక్షత్రాల్లో అదే చూశారు. నేల మీద పేలుడు, కొన్ని నిమిషాల తర్వాత జెట్ వెలగడం, ఆ ఆలస్యం నుంచి వేగం. కాంతి వేగంలో మూడో వంతుకు పైన. వ్యాసం చదివి పెద్దసారుకు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన కూడా రిటైరయ్యారు.

"చూశాను. అద్భుతమైన పని," అన్నారు.

"సీత మనకు ఇదే చెప్పింది సార్."

"ఏ సీత?"

నేను ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు వెళ్ళాను, దండ వేశాను, వచ్చేశాను.

వ్యాసం అచ్చు తీసుకుని సుక్మా బస్సెక్కాను. దారి పొడుగునా క్యాంపులు, ఆగి పేరు చెప్పడాలు. ఆమె పనిచేసేది పోర్టా క్యాబిన్ బడి. లోపలి ఊళ్ళలో బడులు ఆ పోరులో కూలిపోయాక, ఆ పిల్లల్ని తెచ్చి పెట్టడానికి వెదురు తడికలతో లేపినవి అవి. పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకుంటారు. సీత జుట్టు అక్కడక్కడా నెరిసింది. వరండాలో నిలబడే వ్యాసం మొత్తం చదివింది. బొమ్మల దగ్గర ఆగి ఆగి చదివింది.

"నాక్కూడ ఇంచుమించు ఇంతే వచ్చింది సార్, ఆలస్యం," అంది. తర్వాత, "వీళ్ళు ముడి డేటా ఉంచిన్రా?"

"ఉంచారమ్మా. ఎవరడిగినా ఇస్తామన్నారు."

"మంచిగ చేసిన్రు." కాగితాలు మడిచి నాకు తిరిగి ఇవ్వబోయింది.

"నీకోసమే తెచ్చాను, ఉంచుకో."

"వద్దు సార్, ఈడ ఎలుకలు. మీ దగ్గరుంటేనే భద్రం."

ఆమె నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు. నా జీవితంలో చూసిన అందరికంటే మంచి పరిశీలకురాలు వెదురు తడిక పక్కన నిలబడి ఎలుకల గురించి మాట్లాడుతోంది. కోపం వచ్చింది. ఆ కోపం చూపించడానికి ఎదురుగా ఎవరూ లేరు. గంట కొట్టారు. ఆమె హాజరు పట్టీ తీసుకుంటూ చెప్పింది, సెలవులకు ఇంటికి పోయిన పిల్ల ఒకతె తిరిగి రాలేదని.

"పామేడుకు ఇప్పుడు రోడ్డొచ్చింది, టవరొచ్చింది. ఆ పిల్లది ఇంక లోపలి ఊరు సార్. వార్డెన్ మేడం రోజు అంటది, పేరు కొట్టెయ్, ఇంకో పిల్లకు సీటొస్తదని."

"కొట్టవా?"

"పోయి చూసొచ్చినంక. వాగు తగ్గనియ్యి."

ఆమె లోపలికి పోయింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తడిక సందుల్లోంచి ఒక్కో పేరు వినిపిస్తోంది, ఒక్కో పిల్ల "జీ మేడం" అంటోంది. మధ్యలో "కుంజా జోగి" అంది. జవాబు లేదు. ఒక చిన్న గొంతు, రాలే మేడం, అంది.

సీత ఆగింది. "కుంజా జోగి" అని ఇంకోసారి పిలిచింది. ఆ గొంతులో తొందర లేదు. గదిలో పిల్లలంతా తలుపు వైపు చూశారు. నేను కూడా దారి వైపు చూశాను.